జిమ్ కొనే ముందు... మూసేసినవాళ్లకు ఫోన్ చేయండి

ఈ జనవరిలో సంక్రాంతి పాట్‌లక్‌కు సౌత్ రైడింగ్‌లోని ఓ మిత్రుడి ఇంటికి వెళ్లాం. భోజనాలయ్యాక మగవాళ్లమంతా బేస్‌మెంట్‌లో చేరాం. ఎప్పటిలాగే ముందు లేఆఫ్‌ల గురించి, తర్వాత ఏఐ గురించి, ఆ తర్వాత గ్రీన్‌కార్డు గురించి మాటలు నడిచాయి. అప్పుడు మా క్లాస్‌మేట్ ఒకడు లాప్‌టాప్ తెరిచాడు. షాంటిలీలో రూట్ 50 పక్కన ఓ ఫిట్‌నెస్ స్టూడియో ఫ్రాంచైజీ తీసుకుందామని అతడి ప్రతిపాదన. "నీ ఉద్యోగం నువ్వు చేసుకోవచ్చు రా. వారానికి పది గంటలు చూసుకుంటే చాలు. మిగతాదంతా మేనేజర్ నడిపిస్తాడు" అన్నాడు.

మొత్తం ఖర్చు ఆరు లక్షల డాలర్లు. మూడు కుటుంబాలు కలిసి రెండు లక్షలు పెట్టాలి. మిగతా నాలుగు లక్షలు ఎస్‌బీఏ పూచీతో బ్యాంకు ఇస్తుంది. నాకు నలభై ఆరేళ్లు. పెద్దమ్మాయి మరో రెండేళ్లలో కాలేజీకి వెళ్తుంది. మా టీమ్‌లో ఏడాదిలోనే ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయంతో కాదు, ఆశతో.

రెండు నెలలు ఆ పనిమీదే ఉన్నాను. చివరికి వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి లాప్‌టాప్ రేపు మీ బేస్‌మెంట్‌లోనూ తెరుచుకోవచ్చు.

ముందుగా అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు, మనం సంతకం పెట్టడానికైనా డబ్బు కట్టడానికైనా కనీసం 14 రోజుల ముందు ఎఫ్‌డీడీ అనే పత్రం ఇచ్చి తీరాలి. ఇది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. అందులో 23 అంశాలు ఉంటాయి. వర్జీనియాలోనైతే ఫ్రాంచైజీని స్టేట్ కార్పొరేషన్ కమిషన్ దగ్గర నమోదు కూడా చేయించాలి. నమోదైందంటే వ్యాపారం మంచిదని ప్రభుత్వం చెప్పినట్టు కాదు. వివరాలు బయటపెట్టారని మాత్రమే అర్థం.

మావాడు చూపించిన స్లైడ్లలో 7వ అంశంలోని పెట్టుబడి అంచనా ఉంది, 19వ అంశంలోని ఆదాయం లెక్కలున్నాయి. అసలు 19వ అంశంలో అంకెలు ఇవ్వాలన్న నిర్బంధమే లేదు. ఇచ్చినా చాలాసార్లు అవి అమ్మకాల అంకెలే తప్ప లాభాలు కావు. అందుకే నేను సొంతంగా ఒక ఎక్సెల్ షీట్ వేసుకున్నాను. 2,500 చదరపు అడుగుల స్థలానికి అద్దె, కామన్ చార్జీలు కలిపి నెలకు 10,300 డాలర్లు. మేనేజర్, కోచ్‌ల జీతాలు 14,000. నాలుగు లక్షల అప్పుకు పదేళ్ల వాయిదా సుమారు 5,400. ఇన్సూరెన్స్, కరెంటు, సాఫ్ట్‌వేర్, స్థానిక ప్రకటనలు కలిపి 5,000. అన్నీ కూడితే దాదాపు 34,700. దీనిమీద రాయల్టీ, ప్రకటనల నిధి కలిపి 9 శాతం. అది లాభంలో కాదు, మొత్తం వసూళ్లలో! నష్టం వచ్చిన నెలలోనూ కట్టాల్సిందే.

సభ్యుడికి నెలకు 150 డాలర్లు అనుకుంటే, గట్టున పడడానికే సుమారు 255 మంది సభ్యులు కావాలి. అప్పటికి మా ముగ్గురి చేతికి ఒక్క డాలరు కూడా రాదు. నెలకు వంద మందిలో ఐదుగురు మానేస్తారనుకున్నా, ఉన్నచోట ఉండడానికే ప్రతినెలా పదమూడు మంది కొత్తవాళ్లు చేరాలి. స్టోన్‌క్రాఫ్ట్ బులవార్డ్‌లో కౌంటీ నడిపే కబ్ రన్ రెక్ సెంటర్ ఉంది. ఈతకొలను, జిమ్ అన్నీ ఉన్నాయి. మా పిల్లలు ఈత నేర్చుకున్నది అక్కడే. అలాంటి చోటును కాదని మా స్టూడియోకు జనం ఎందుకు వస్తారన్న ప్రశ్నకు ఏ స్లైడ్‌లోనూ జవాబు దొరకలేదు.

రెండో సంగతి సంతకం. ఎస్‌బీఏ రుణంలో 20 శాతం, అంతకు మించి వాటా ఉన్న ప్రతి ఒక్కరూ వ్యక్తిగత పూచీ ఇవ్వాలి. అంటే నా వాటా మూడో వంతు, నా పూచీ మాత్రం మొత్తం అప్పుకు. మిగతా ఇద్దరూ చేతులెత్తేస్తే బ్యాంకు నా ఇంటికే వస్తుంది. కాగితాలు చూసి మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఇందులో నేనూ సంతకం పెట్టాలా?" లాయర్‌ను అడిగాకగానీ ఆ ప్రశ్న ఎంత విలువైనదో నాకు తెలియలేదు. వర్జీనియాలో భార్యాభర్తలు ఇంటిని టెనెన్సీ బై ద ఎంటైరిటీ పద్ధతిలో ఉమ్మడిగా రాయించుకుంటే, ఒక్కరి అప్పు కింద ఆ ఇంటిని పట్టుకోవడం సాధారణంగా కుదరదు. ఇద్దరూ సంతకం పెడితే ఆ రక్షణ పోయినట్టే.

ఫ్రాంచైజీ బ్రోకర్ మరో దారి చూపించాడు. 401(కె) సొమ్మును పన్ను కట్టకుండా వ్యాపారంలోకి మళ్లించే రోబ్స్ పద్ధతి అది. చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ ఐఆర్‌ఎస్ 2009లో పరిశీలన మొదలుపెట్టినప్పుడు, అలా పెట్టిన వ్యాపారాల్లో చాలావరకు విఫలమయ్యాయని, లేదా ఆ దారిలోనే ఉన్నాయని తేలింది. ఇంకో మాట, బ్రోకర్ మన దగ్గర ఫీజు తీసుకోడు. మనం సంతకం పెడితే అతడికి కమిషన్ ఇచ్చేది అమ్మే కంపెనీయే.

పేరున్న బ్రాండ్ కదా అంటారు. ఎఫ్45 సంగతి గుర్తుచేసుకోండి. 2021 జులైలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కింది. ఏడాది తిరిగేసరికి సీఈవో తప్పుకున్నారు, దాదాపు 45 శాతం ఉద్యోగులను తీసేశారు. 2023లో ఆ ఎక్స్ఛేంజీ నుంచే వైదొలగింది. పైన బ్రాండ్ ఊగినా కింద స్టూడియో యజమాని లీజు మారదు.

ఇన్ని లెక్కలు వేసినా నా మనసు మార్చింది లెక్కలు కావు, ఒక ఫోన్ కాల్. ఎఫ్‌డీడీ 20వ అంశంలో ఎన్ని శాఖలు తెరిచారు, ఎన్ని మూశారు, ఎన్ని చేతులు మారాయి అన్నది ఉంటుంది. అంతకుముందు ఏడాది తప్పుకున్న యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి. మావాడు నడుస్తున్న స్టూడియోల వాళ్లతో మాట్లాడాడు. అందరూ బాగుందన్నారట. నేను తప్పుకున్నవాళ్లకు ఫోన్ చేశాను. ఐదుగురిలో నలుగురు ఎత్తారు. నాలుగో ఆయన నా యాస విని, "మీరు తెలుగువారా అండీ?" అని అడిగారు.

వేరే రాష్ట్రంలో ఉంటారాయన. మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "మొదటి మూడు నెలలు పండగలా ఉందండీ. నాలుగో నెలలో మేనేజర్ మానేశాడు. నేను ఆఫీసు కాల్స్‌లో ఉండేవాణ్ని, మా ఆవిడ రిసెప్షన్‌లో కూర్చునేది. మూసేసి ఏడాది దాటింది, లీజు డబ్బు ఇంకా కడుతున్నాను" అన్నారు. కాసేపు ఆగి, "మన అసోసియేషన్ ఫంక్షన్లకు వెళ్లడం మానేశానండీ. ఏం చెప్పాలి అందరికీ?" అన్నారు. ఆ పత్రం చూసి తనకు ఫోన్ చేసిన మొదటి తెలుగువాణ్ని నేనేనట.

తెనాలిలో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. పొద్దున ఆరింటికి తెరిస్తే రాత్రి పదింటిదాకా గల్లాపెట్టె దగ్గర ఆయనో, మా బాబాయో ఉండాల్సిందే. ఆ ఇంట్లో పెరిగిన నేను, వారానికి పది గంటలతో కొట్టు నడుస్తుందని రెండు నెలలపాటు ఎలా నమ్మానో! పైగా మా ముగ్గురిలో ఒకరిది హెచ్-1బీ. ఇప్పటి నిబంధనల ప్రకారం ఆయనకు మూడో వంతు వాటా ఉంటే ఎస్‌బీఏ రుణమే రాదు. అదీకాక, మేనేజర్ రానిరోజు ఆయన కౌంటర్ వెనక నిలబడి పనిచేయడానికి వీల్లేదు. ఆ రోజు గల్లా దగ్గర ఎవరుంటారు?

ఫ్రాంచైజీలే వద్దని నేననను. గ్యాస్ స్టేషన్లు, హోటళ్లు నడిపి నిలదొక్కుకున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు కొన్నది పక్క ఆదాయం కాదు, పూర్తికాలం పని. ఉద్యోగం పోతుందన్న భయంతో కొంటే మాత్రం, ఉద్యోగం పోయిన రోజున అప్పు కూడా పక్కనే కూర్చుని ఉంటుంది. కొత్తగా దిగాలనుకునేవాళ్లు ముందు అలాంటి స్టూడియోలో ఆరు నెలలు శని, ఆదివారాలు రిసెప్షన్‌లో పనిచేసి చూడండి, వీసా అనుమతిస్తేనే. ఫ్రాంచైజీ లాయర్‌కు కొన్ని వేల డాలర్లు ఇవ్వడానికి వెనకాడకండి. పెట్టిన సొమ్మంతా పోయినా ఇల్లు నిలుస్తుందా అని ఇంట్లో ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోండి.

మన సంఘాలకూ ఒక విన్నపం. సభల్లో బిజినెస్ ఫోరం పెడతాం, గెలిచినవాళ్లకు శాలువా కప్పుతాం. ఈసారి వ్యాపారం మూసేసిన ఒకరిని కూడా వేదికమీదకు పిలవండి. ఆయన చెప్పే ఇరవై నిమిషాలు ఎన్నో ఇళ్లను కాపాడతాయి.

మావాడికి మార్చిలో వద్దని చెప్పాను. రెండు వారాలు మాట్లాడలేదు. ఉగాదికి ఇంటికి పిలిచి, పచ్చడి తిన్నాక, ఆ ఫోన్ నంబర్ చేతిలో పెట్టాను. "ఆయనతో ఒక్కసారి మాట్లాడు. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే నేనే వచ్చి నీ మొదటి మెంబర్‌గా చేరతాను" అన్నాను. ఇంకా ఫోన్ చేయలేదట. అప్పుడప్పుడూ గుర్తుచేస్తూనే ఉన్నాను.