ఆచార్యులు ప్రమాదానికి ముందే రావాలి

2025 జూన్ 30 సోమవారం ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడును మన ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. 54 మంది ప్రాణాలు పోయాయి. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. గుర్తుపట్టలేని దేహాలను డి.ఎన్.ఎ. పరీక్ష చేసి గాని ఇంటివారికి అప్పగించలేకపోయారు. పోయినవారిలో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారే.

ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. దానికి హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి., అంటే భారత రసాయన సాంకేతిక సంస్థకు చెందిన శాస్త్రవేత్త నాయకత్వం వహించారు. విశాఖపట్నంలోనూ ఇలాగే జరిగింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది చనిపోయారు. ఆ మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కమిటీ వేసింది. అందులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమికల్ ఇంజనీరింగ్ శాఖాధిపతి, ఐ.ఐ.సి.టి. డైరెక్టరు ఉన్నారు.

ఈ పెద్దలందరి మీదా మాకు గౌరవం ఉంది. అయితే నర్సులుగా మేము అడిగేది ఒక్కటే. ఆచార్యులను పిలవడానికి ముందు మనుషులు చనిపోవాలా? స్టైరీన్‌ను చల్లగా ఉంచకపోతే దానంతటది వేడెక్కుతుందన్న సంగతి కాలేజీ పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. మెత్తటి పొడి మూసిన గదిలో గాలిలో తేలుతున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలుతుందన్నదీ కొత్త విషయం కాదు. గోధుమ పిండి, పంచదార పొడి కూడా అలా పేలగలవు. సిగాచిలో తయారయ్యేది మందు మాత్రల్లో కలిపే సెల్యులోజు పొడి. మనం రోజూ మింగే మాత్రల్లో ఉండే, ఏ హానీ లేని పదార్థమే. హాని లేదని మనం అనుకునే చోట కూడా అపాయం ఉంటుందని కార్మికుడికి ముందుగా చెప్పేవారు కావాలి.

ముగ్గురి దగ్గర మూడు ముక్కలు

ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు అధికారం ఉంది. గేటు తెరిపించగలదు, పని ఆపించగలదు. కాని ప్రతి ఇన్‌స్పెక్టరుకూ ప్రతి రసాయనం గుణం తెలియాలంటే సాధ్యం కాదు. విశ్వవిద్యాలయాల్లో ఆ చదువు, పరికరాలు ఉన్నాయి. కాని వారికి గేటు లోపలికి వెళ్లే హక్కు లేదు. ఆసుపత్రుల్లో మేము కాలిన చర్మాన్ని, ఆయాసాన్ని, మండే కళ్లను చూస్తాం. కాని అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఈ మూడు ముక్కలు కలిస్తేనే ఒక కాపుదల అవుతుంది.

మన జిల్లాకు చదువు కరువు లేదు. కందిలో ఐ.ఐ.టి. ఉంది. రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయం, సుల్తాన్‌పూర్‌లో జె.ఎన్.టి.యు. కాలేజీ ఉన్నాయి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు వీటికి పక్కనే ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉండి కూడా ఒకరికొకరు పరాయివారిగా ఉండడం బాగులేదు.

చదువు, ప్రభుత్వం చేతులు కలపడం లోకంలో కొత్త కాదు. అమెరికాలో 1970 నాటి కార్మిక భద్రత చట్టంతో ఏర్పడిన నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ, 1977 నుంచి విశ్వవిద్యాలయాల్లో శిక్షణ కేంద్రాలు నెలకొల్పించింది. ఇంజనీర్లు, డాక్టర్లతో పాటు నర్సులు కూడా అక్కడ పని ప్రదేశాల ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా చదువుకున్నారు. నర్సుల పేరు కూడా ఆ జాబితాలో ఉండడం మాకు నచ్చింది. కార్మికుడి చేతికి కట్టు కట్టేటప్పుడు అతను చెప్పే మాటలు మరెవరికీ వినబడవు.

మా సూచనలు

మొదటిది. అపాయకరమైన రసాయనాలు, పొడులు వాడే ఫ్యాక్టరీలకు ఇన్‌స్పెక్టరు వెళ్లినప్పుడు కెమికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు కూడా వెంట వెళ్లాలి. వారు కనిపెట్టిన లోపాలను తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో గేటు దగ్గర అంటించాలి. చదవలేనివారికి షిఫ్టు మొదట్లో చదివి వినిపించాలి.

రెండవది. వైద్య కళాశాలలో పనివల్ల వచ్చే జబ్బులకు ప్రత్యేక ఓ.పి., ఒక రిజిస్టరు ఉండాలి. సీసం విషం, బెంజీన్ విషం, సిలికోసిస్ వంటి జబ్బులు కనబడితే డాక్టరు అధికారులకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆ కాగితాలను ఒకచోట చేర్చి చూస్తే ఏ వాడలో ఏ జబ్బు పెరుగుతోందో తెలుస్తుంది.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది. తనిఖీకి వచ్చే ఆచార్యుడికి ఫ్యాక్టరీ యాజమాన్యం నేరుగా డబ్బు ఇవ్వకూడదు. ఎవరి దగ్గర ఫీజు తీసుకుంటామో వారి తప్పు చెప్పడానికి నోరు రాదు. ఫీజు ప్రభుత్వం ద్వారా రావాలి, నివేదిక అందరికీ అందుబాటులో ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఈ స్నేహం ఒక సర్టిఫికెట్ల దుకాణంగా మారుతుంది.

దీనివల్ల పరిశ్రమలు వెళ్లిపోతాయని కొందరు భయపడతారు. వారి భయం కొట్టిపారేయదగినది కాదు. మన ఇళ్లలో చాలా పొయ్యిలు ఆ జీతాలతోనే వెలుగుతున్నాయి. అయితే పేలిపోయిన ఫ్యాక్టరీలో కూడా ఎవరికీ జీతం రాదు కదా!

ఇక మనం చేయగలిగినవి

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలి. ప్రభుత్వం నిర్ణయించిన వయసు, తరగతులవారికి ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. తన పనిలో ఉన్న అపాయం గురించి సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ప్రాణాపాయం కనబడితే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కూ ఉంది.

కాబట్టి మీ ఇంట్లో ఫ్యాక్టరీకి వెళ్లే తండ్రి, కొడుకు, కూతురు ఎవరైనా ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి. ఏ పదార్థంతో పని చేస్తున్నారు? దాని పేరు తెలుసా? బయటకు పరుగెత్తే దారి ఎటు? నియామక పత్రం చేతికి వచ్చిందా? మీ ఇంట్లో అద్దెకుండే ఉత్తరాది పిల్లలను కూడా అడగండి. వారికి ఇక్కడ అడిగే అమ్మానాన్నలు లేరు.

ఇటలీలో రామజ్జిని అనే వైద్య ఆచార్యుడు కార్మికుల జబ్బుల గురించి 1700లో పుస్తకం రాశారు. రోగిని అడిగే ప్రశ్నలతో పాటు "నీవు చేసే పని ఏమిటి?" అని కూడా అడగాలని డాక్టర్లకు ఆయన చెప్పారు. మీరు ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఎవరూ అడగకపోయినా, మీరు చేసే పని ఏమిటో, వాడే రసాయనం ఏమిటో మీరే చెప్పి చీటీలో రాయించుకోండి. ఆ ఒక్క ముక్క రేపు మీ పక్కన పనిచేసేవారి ప్రాణాన్ని కాపాడవచ్చు.