మీకు మందు, మాకు మచ్చ

మతం మనశ్శాంతినిస్తుందట. పద్మారావు నగర్‌లో పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనుషులు చెప్తారు, స్కందగిరి గుడికి వెళ్లొస్తే బీపీ తగ్గుతుందని. తగ్గనీయండి, మంచిదే. ఫజర్ నమాజ్ చదివొచ్చిన ముసలాయనకూ అలాగే తగ్గుతుంది. కానీ ఆయన టోపీ చూసి టులెట్ బోర్డు లోపలికెళ్లిపోతే, ఆ బీపీ మళ్లీ ఎంతకెక్కిందో ఎవరూ కొలవరు. ఇల్లు అద్దెకు దొరకదన్నది మా గొణుగుడు కాదు. 2006లో సచార్ కమిటీ రాసిన మాట.

ఫ్రెంచి పండితుడు డర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. అందులో తేల్చిందేమిటి? మనిషిని చావు నుంచి ఆపేది సిద్ధాంతం కన్నా జమాత్. పదిమందితో భుజం కలిపి నిలబడటం. సరిగ్గా అదే మాకు నేరమైంది. మీరు గుమిగూడితే భక్తి, మేం గుమిగూడితే కుట్ర! 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజ్ వేళ బాంబు పేలింది. చచ్చింది మేం. ఆ రోజే పోలీసు కాల్పుల్లో ఇంకొందరు. తర్వాత పట్టుకెళ్లి కొట్టిందీ మా పిల్లల్నే. కోర్టు నిర్దోషులని వదిలేసింది. పోయిన నిద్ర ఎవరిస్తారు?

2020లో కరోనా రోగుల్ని తెచ్చింది పద్మారావు నగర్ పక్కనున్న గాంధీ ఆస్పత్రికే. మిగతా రోగులు రోగులు. మర్కజ్‌కి వెళ్లొచ్చినవాళ్లు మాత్రం రోగం! టీవీలు జబ్బుకి కూడా సున్తీ చేశాయి. విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేశారని ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి చెప్పేసరికి ఆ టీవీలు ఇంకో వార్తలో ఉన్నాయి.

మతం మత్తుమందని తీసిపారేసే విప్లవ మిత్రులారా, మీరు నాస్తికులైనా పేరు చివరి తోక మీకు ఇల్లిప్పిస్తుంది. నేను నమాజ్ మానేసినా నా పేరు నన్ను వదలదు.

ఇక మావాళ్లు. సుకూన్ మగాళ్ల జాగీరా? చాలా మసీదుల్లో మా అమ్మీలకు చోటు లేదు. వాళ్లకున్న ఆసరా దర్గా. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాలో హిందువుల పక్కనే పొయ్యి పెట్టి, కందూరు చేసి, గుండె బరువు దించుకొస్తారు. అది షిర్క్ అని కళ్లెర్రజేసే మౌల్వీసాబ్, ఆ బరువు ఇంకెక్కడ దించుకోవాలో కూడా చెప్పాలి. తన మసీదు తలుపు తీస్తాడా?