ఆకలి తీరదు, తెలియదంతే

తెల్లారి ఆరింటికి పేట సెంటర్లో కూలికి పోయే ముఠా నిలబడి ఉంటుంది. చద్దన్నం తిని వచ్చినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు అరచేతిలో ఖైనీ పోసుకుని, సున్నం కలిపి, బొటనవేలితో నలిపి, కింది పెదవి లోపల పెట్టుకుంటారు. "ఏమక్కా, రెండు ముద్దలు తిని పోవచ్చు గదా" అని మేము అడిగితే ఒక అక్క అన్నది: "ఇది పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి తెలవదు సారూ."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. నిజంగానే తెలవదు. ఎందుకు తెలవదో మనమందరం తెలుసుకోవాలి.

పొగాకులో ఉన్న నికోటిన్ నరాలను రెచ్చగొట్టే మందు. సున్నం కలిపితే అది నోటి లోపలి పల్చటి పొర గుండా తేలిగ్గా రక్తంలోకి దిగుతుంది. బీడీ, సిగరెట్ పొగ పీలిస్తే పది ఇరవై సెకన్లలోనే మెదడుకు చేరుతుంది.

మెదడులో వేల కోట్ల నరాల కణాలున్నాయి. ఒక కణం పక్క కణానికి కబురు చెప్పాలంటే ఒక రసాయనాన్ని వదులుతుంది. అది అవతలి కణం మీదున్న తాళంలో తాళంచెవి లాగా పడుతుంది. అట్లాంటి రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. నికోటిన్ దాని తాళానికి దొంగ తాళంచెవి. అది పడగానే మెదడులో డోపమైన్ ఊరుతుంది. అన్నం తిన్నప్పుడు, బిడ్డ నవ్వినప్పుడు "బాగుంది, మళ్ళీ చెయ్యి" అని మెదడుకు నేర్పేది ఈ డోపమైనే. కడుపులో మెతుకు పడకుండానే ఆ కబురు అందుతుంది. ఆకలి వేస్తోందని చెప్పే భాగాన్ని కూడా నికోటిన్ అణిచిపెడుతుంది. మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. ఒంట్లో దాచుకున్న చక్కెర రక్తంలోకి వస్తుంది. మనిషికి ఎక్కడలేని హుషారు వచ్చినట్టుంటుంది.

ఆ ఓపిక ఖైనీ ఇచ్చింది కాదు. మన ఒంట్లోదే, ముందుగా ఖర్చు పెట్టించింది. షావుకారు దగ్గర అప్పు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే.

ఇక వడ్డీ సంగతి. రోజూ వాడేవాళ్ళ మెదడులో ఆ తాళాల సంఖ్యే పెరిగిపోతుంది. రెండు గంటలు గడిస్తే రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. ఖాళీ తాళాలన్నీ తాళంచెవి కోసం అరుస్తాయి. చిరాకు, తలనొప్పి, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం. మళ్ళీ చిటికెడు పెట్టుకుంటే సర్దుకుంటుంది. "ఇది లేకపోతే పని సాగదు" అంటారు. పని సాగకుండా చేసింది అదే గదా! దీనికి తోడు పొగాకులోని ఇతర విషాల వల్ల నోటి క్యాన్సర్. గుట్కాలోని వక్క కూడా నరాలను రెచ్చగొట్టేదే. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. వక్క నమిలీ నమిలీ నోరు రెండు వేళ్ళు పట్టనంతగా బిగుసుకుపోయిన కుర్రాళ్ళు ఉన్నారు.

నమలని వాళ్ళనూ ఇది వదలదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల పొగాకు చేలల్లో తడి ఆకు కోసే కూలీలకు నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. కళ్ళు తిరగడం, వాంతులు దానివల్లనే. "ఎండ దెబ్బ" అని మనం మజ్జిగ తాగి పడుకుంటాం.

"పేటోళ్ళకు అలవాట్లెక్కువ" అని ఊళ్ళో పెద్దమనుషులు నవ్వుతారు. ఖాళీ కడుపుతో పన్నెండు గంటలు వంగి పనిచేసి చూస్తే వాళ్ళకూ తెలుస్తుంది. కొందరు మేస్త్రీలు కూలితో పాటు ప్యాకెట్ కూడా చేతిలో పెడుతున్నారు. అన్నం పెట్టడం కంటే ప్యాకెట్ చౌక. ఆకలి తెలవని మనిషి అన్నం కోసం ఆగడు, అలుపు తెలవని మనిషి కూలి పెంచమని అడగడు. ఎవరికి లాభమో ఆలోచించండి.

మేము నీతులు చెప్పడానికి రాయడం లేదు. మీటింగుల రాత్రిళ్ళు మేలుకోవడానికి సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చినవాళ్ళం మాలోనూ ఉన్నాం. కార్యకర్తలు ముందు తమ జేబులు చూసుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడు మన జేబులు చూసే నేర్చుకుంటున్నాడు. ఎదిగే మెదడు ఇరవై అయిదేళ్ళ దాకా గట్టిపడదు. ఆ వయసులో పట్టిన అలవాటు వదలడం మరీ కష్టం.

మానాలనుకునేవాళ్ళకు మొదటి మూడు రోజులే గండం. నాలుగు వారాలకు యాతన చాలావరకు తగ్గుతుంది. పెరిగిన తాళాలు మెల్లగా తగ్గుతాయి. ఒంటరిగా కాకుండా ముఠాలో నలుగురు కలిసి మానండి. సాయం కావాలంటే 1800-112-356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

బడికి 100 గజాల లోపల, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో గుట్కాను నిషేధిస్తే, వక్క ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్ చేసి పక్కపక్కనే వేలాడదీశారు. ప్రతి పేట నుంచీ పదిమంది కలిసి వెళ్ళి బడి దగ్గర కొట్లను నిలదీయాలి, పంచాయతీకి అర్జీ పెట్టాలి.

మేస్త్రీని అడగాల్సింది ఇంకొకటుంది. పొద్దున తొమ్మిదింటికి అరగంట విరామం, తాగడానికి మంచినీళ్ళు, కడుపు నిండే కూలి. వచ్చే పక్షం నాటికి ఏ పేటలో ఎవరు అడిగారో, మేస్త్రీ ఏమన్నాడో మాకు రాయండి. అచ్చు వేస్తాం.