డీజిలు కారు: ఎవరి పొదుపు, ఎవరి పద్దు?

మా జువ్వలదిన్నెలోను, చుట్టుపక్కల బోగోలు, కావలి ప్రాంతాలలోను కారు కొనదలచినవారు మొట్టమొదట వినే సలహా ఒకటే: "డీజిలుదే తీసుకో అన్నా, ఖర్చు కలిసొస్తుంది." ఒకనాడు ఈ మాట నిజమే. నేడు చాలామంది విషయంలో అది లెక్క వేయకుండా వల్లించే పాఠం మాత్రమే. పైగా, నిజమైన రోజుల్లో సైతం అది న్యాయమైన మాట కాదని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. 2025లో మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు 110 రూపాయలకు, డీజిలు 97 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. పెట్రోలు కారు లీటరుకు 16, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకు మిగిలేది రెండు రూపాయలు. డీజిలు బండి వెల లక్ష రూపాయలు ఎక్కువైతే, ఆ లక్ష తిరిగి రావడానికి దాదాపు 50 వేల కిలోమీటర్లు తిరగాలి. పిల్లలను బడిలో దింపి, బజారు పని చూసుకొని వచ్చే గృహస్థు రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగినా తొమ్మిది వేలే. అంటే అయిదున్నర ఏళ్ళు! అప్పు చేసి కొన్నవారికి వడ్డీ అదనం. నిత్యం నెల్లూరికో, చెన్నైకో పరుగులు తీసే టాక్సీవారికి రెండేళ్ళలోనే గిట్టుబాటవుతుంది. వారితో నాకు పేచీ లేదు.

ఇక యంత్రం సంగతి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిలు కార్లకు డీపీఎఫ్ అనే మసి వడపోత తప్పనిసరైంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి; అందుకు హైవే మీద కొంతసేపు ఏకధాటిగా నడపాలి. ఊరి సందుల్లో అయిదేసి కిలోమీటర్లు తిప్పే బండిలో అది పేరుకుపోతుంది, పొదుపు కాస్తా మెకానిక్కు పాలవుతుంది. మారుతి సంస్థ అదే ఏడాది డీజిలు కార్లకు స్వస్తి చెప్పింది.

అసలు న్యాయం మాటేమిటి? పెట్రోలు ధరపై నియంత్రణను 2010 జూన్‌లోనే తొలగించిన ప్రభుత్వం, డీజిలు ధరను 2014 అక్టోబరు దాకా అదుపులో ఉంచింది. 2012 మే చివరి వారంలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు, డీజిలు 41! రైతు మోటారు కోసం, బస్సు కోసం, మత్స్యకారుని బోటు కోసం అన్నారు. ఆ పేరు చెప్పి లక్షల ఖరీదు చేసే కార్ల ట్యాంకులు నిండాయి. డీజిలు కారుపై 80 వేల రూపాయల అదనపు సుంకం వేయమని కిరీట్ పారిఖ్ కమిటీ 2010లోనే సూచించింది. ఎవరూ చెవిని పెట్టలేదు. చివరకు నియంత్రణ ఎత్తివేసినప్పుడు ఆ భారం బోటువానిపై కూడా పడింది. కారు కొనేవాడు పెట్రోలుకు మారగలడు. మరబోటు నడిపేవాడు దేనికి మారగలడు? ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా వేట నిషేధం. మిగిలిన నెలల్లో వల నిండినా నిండకున్నా డీజిలు పోయవలసిందే. 2019లో రాష్ట్ర ప్రభుత్వం బోట్లకు లీటరు రాయితీని 9 రూపాయలకు పెంచింది. మరి వ్యాట్ మాటేమిటి? పెట్రోలుపై 31 శాతం, డీజిలుపై 22.25 శాతంగా విధించారు. అంటే ఏ రాయితీ దరఖాస్తూ పెట్టకుండానే కారు యజమాని ఆ తేడాను అనుభవిస్తున్నాడు!

డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఆ పొగ పీల్చేది బండిలో అద్దాలు దించని ఆసామి కాదు, రోడ్డు పక్కన చేపలు అమ్ముకొనే తల్లి.

కనుక నా కోరిక ఇది: సొంత డీజిలు కార్లపై రిజిస్ట్రేషను నాడే అదనపు పన్ను వేసి, ఆ సొమ్మును బోట్ల డీజిలు రాయితీకి మళ్ళించాలి. కారు కొనబోయే చదువరులకు మనవి: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు కాగితంపై వేసుకోండి. ఇరవై వేలు దాటకపోతే, మీకూ లాభం లేని ఆ డీజిలును దాని అవసరం ఉన్నవారికి విడిచిపెట్టండి.