రీగా సంతలో మన ఇల్లు

పోయిన వేసవిలో లాట్వియా చూసొచ్చాం. రాజధాని రీగాలో పాత జెప్పెలిన్ షెడ్లలో నడిచే పెద్ద మార్కెట్ ఉంది. అక్కడ ఉప్పులో ఊరిన దోసకాయలు అమ్మే ఒక అవ్వ, కొనేవాళ్లతో లాట్వియన్‌లో, పక్క కొట్టామెతో రష్యన్‌లో మాట్లాడుతోంది. మా ఇల్లే గుర్తొచ్చింది: వాకిట్లో కన్నడం, వంటింట్లో తెలుగు.

టెస్టింగ్ పని చేసేవాళ్లం కదా, తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం అలవాటు. 1940లో సోవియట్ యూనియన్ ఆ దేశాన్ని కలిపేసుకుంది. 1949 మార్చిలో దాదాపు 42 వేల మందిని సైబీరియాకు తోలేశారు. ఫ్యాక్టరీ పనులకు రష్యన్ మాట్లాడేవాళ్లు వచ్చారు. వాళ్లకు లాట్వియన్ అవసరమే పడలేదు. 1989 నాటికి లాట్వియన్లు నూటికి 52 మందే మిగిలారు.

1991లో స్వాతంత్ర్యం తిరిగొచ్చాక, అలా వచ్చినవాళ్లకూ వాళ్ల పిల్లలకూ పౌరసత్వం దానంతటది రాలేదు. భాష పరీక్ష పాసవ్వాలన్నారు. పౌరులు కానివాళ్ల పాస్‌పోర్టుతోనే బతుకుతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

చిన్న భాషవాళ్ల భయం న్యాయమే. కానీ అక్కడే పుట్టినవాళ్లు కూడా పరీక్ష రాసి మావాళ్లనిపించుకోవాలనడం మాకు నచ్చలేదు.

మా తాతలకు ఎవరూ పరీక్ష పెట్టలేదు, సంతలోనే కన్నడం నేర్చుకున్నారు. ఉన్న ఊరి భాష నేర్వడం ఆ నేల రుణం తీర్చుకోవడమే. మేం కన్నడ మీడియంలో చదివాం, దానికి చింత లేదు. మా తెలుగు తడబడితే ఆ తప్పు బడిది కాదండీ. వంటింట్లో మనం మాట్లాడ్డం తగ్గించాం, అంతే.