రాయదుర్గం నుంచి రాయదుర్గానికి 56 నిమిషాలేనట!

హైదరాబాద్ మెట్రో బ్లూలైన్‌కు ఒక చివర నాగోల్, ఇంకో చివర రాయదుర్గం. 2019 నవంబర్‌లో తెరిచిన ఆ స్టేషన్ పక్కనే మా ఆఫీసు. మా సొంతూరేమో అనంతపురం జిల్లా రాయదుర్గం. అందుకే మా అవ్వ ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట: "నువ్వుండేదీ రాయదుర్గమే, మేముండేదీ రాయదుర్గమే. వచ్చేదానికి ఏం కష్టం నాయనా?"

ఆమధ్య ఓ సాయంత్రం నాన్న ఫోన్. అవ్వ జారిపడింది, తుంటి ఎముక విరిగినట్టుంది. కంగారులో రెండు ఊళ్ల మధ్య దూరం ఫోన్‌లో వెతికా. ఠక్కున జవాబొచ్చింది: 344 కిలోమీటర్లు, విమానంలో 56 నిమిషాలు!

ఈ లెక్క ఎలా వేస్తారో తెలుసా? రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, మధ్యలో అతి దగ్గరి గీత గీస్తారు. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుంటే 26 నిమిషాలు. ఎక్కడానికి, దిగడానికి ఇంకో అరగంట కలుపుతారు. అంతే. ఆ ఊళ్లో రన్‌వే ఉందా లేదా అని ఎవరూ అడగరు.

మా ఊరికి దగ్గర్లో విమానాశ్రయం లేకపోలేదు. బళ్ళారి దాటాక తోరణగల్లు దగ్గర విద్యానగర్ ఉంది. 2017లో ఉడాన్ పథకం కింద అక్కడికి హైదరాబాద్ నుంచి విమానాలు మొదలయ్యాయి. కానీ ముందు శంషాబాద్ చేరాలి, గంట ముందే లోపల ఉండాలి, దిగాక మళ్లీ బళ్ళారి మీదుగా రోడ్డు పట్టాలి. పైగా ఆ రాత్రికి విమానమే లేదు.

బస్సెక్కా. తెల్లవారుజామున అనంతపురంలో దిగి, కళ్యాణదుర్గం మీదుగా పోయే ఇంకో బస్సు పట్టుకున్నా. దారిలో ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఇంటికి చేరేసరికి తలుపుకు తాళం! "రాత్రే బళ్ళారి ఆసుపత్రికి తీసకపోయినారప్పా, నీకు చెప్పలేదా?" అంది పక్కింటి అక్క. పెద్ద వైద్యం కావాలంటే మా ఊరోళ్లు సరిహద్దు దాటి బళ్ళారికే పోతారు. ఆ సంగతి నాకు తట్టలేదు. హైదరాబాద్ నుంచి నేరుగా బళ్ళారికే బస్సెక్కాల్సింది.

నేను చేరేసరికి అవ్వను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లి గంటయింది. లోపలికి పోయే ముందు వాకిలి వైపు చూస్తూ నన్నే అడిగిందంట.

ఇప్పుడు అవ్వ వాకర్ పట్టుకుని నడుస్తోంది. నా ఫోన్‌లో మాత్రం ఓ కొత్త నోట్ ఉంది: ఊరికి చివరి బస్సు ఎన్నింటికి, బళ్ళారికి నేరుగా వెళ్లే బస్సులేవి, అర్ధరాత్రి పిలిచినా వచ్చే కారు డ్రైవర్ నంబర్ ఏది. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు మీరూ ఒకటి రాసిపెట్టుకోండి. నాన్నను అడిగితే పది నిమిషాల్లో అయిపోయే పని. అన్నట్టు, బ్యాగులో పవర్ బ్యాంక్ మర్చిపోకండి.