తీగల మధ్య నేలను బోడిగా వదలొద్దు

ద్రాక్ష తోటలో సాళ్ల మధ్య గడ్డిపోచ కనిపించకపోతే ఆ రైతుకు ఊళ్లో మంచి పేరు. రోటవేటరు తిప్పో, గడ్డి మందు కొట్టో నేలను నున్నగా ఉంచడమే మంచి సేద్యమని మనలో చాలామంది నమ్మకం. బోర్లు అడుగంటుతున్న కాలంలో ఈ నమ్మకం మనకు నష్టం చేస్తోంది.

ముందు లెక్క చూద్దాం. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4,000 లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్ల వాన అంటే లక్ష లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. అందులో పావు వంతు గట్టు దాటి పారిపోయినా ఐదు ట్యాంకర్లు పోయినట్టే. అనంతపురం లాంటి చోట ఏడాదంతా కలిపి పడేదే సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. ఉచితంగా వచ్చిన నీటిని వదిలేసి, అప్పు చేసి మరో బోరు వేయడం ఎవరి లాభానికి?

నీరు ఎందుకు పారిపోతుంది? ఎర్ర చల్క నేలను పదే పదే పిండి చేస్తే, వాన చినుకుల దెబ్బకు పైన పొర గట్టిపడి నీటిని లోపలికి దిగనివ్వదు. పొర విరగ్గొట్టి తేమ నిలపడానికి మన పెద్దలు పైపైన గుంటక తిప్పేవారు, అందులో అర్థముంది. రోటవేటరుతో ఏటా నాలుగైదుసార్లు దున్నడం వేరు. నేలపై మొక్క ఉంటే చినుకు దెబ్బ ఆకు మీద పడుతుంది, వేళ్లు చేసిన దారుల్లో నీరు లోపలికి దిగుతుంది.

అయితే మొక్క నీళ్లు తాగదా అని అడిగే రైతు తప్పేమీ మాట్లాడటం లేదు. తాగుతుంది. వేసవిలో సాళ్ల మధ్య పచ్చగా ఉన్న పైరు తీగ నోటి దగ్గర నీటిని లాక్కుంటుంది. అందుకే పచ్చదనం మంచిదా చెడ్డదా అన్న వాదన దండగ. అది ఎప్పుడు బతికి ఉండాలి, ఎప్పుడు చచ్చి నేలను కప్పాలి అన్నదే అసలు సంగతి.

ఈ విషయంలో బయటి దేశాల పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. కాలిఫోర్నియాలో వానలు చలికాలంలో పడతాయి, అప్పుడు తీగ ఆకు రాల్చి నిద్రలో ఉంటుంది. అక్కడి రైతులు ఆ సమయంలో సాళ్ల మధ్య బార్లీ, చిక్కుడు జాతి పైర్లు పెంచి వసంతంలో కోసేస్తారు. మన తీగకు అలాంటి నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో పండు కోసం మరో కత్తిరింపు. మన లెక్క ఈ రెండింటి చుట్టూ తిరగాలి.

ఏప్రిల్ కత్తిరింపు తర్వాత పందిరి మీద ఆకు ఉండదు. నడినెత్తిన ఎండ, కింద బోడి నేల. తేమ ఎక్కువగా ఆవిరయ్యేది అప్పుడే. ఆ లోపే వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, దొరికితే వరిగడ్డి పరచాలి. తెగులు లేని కత్తిరింపు కొమ్మలను ముక్కలు చేసి వేయవచ్చు. మొదలుకు ఆనించకూడదు, చెద పట్టకుండా చూసుకోవాలి. తొలకరికి జనుము, జీలుగ లాంటివి సాళ్ల నడుమ చల్లి, డ్రిప్పు లైను వెంట ఖాళీగా ఉంచాలి. దట్టమైన పందిరి కింద నీడకు ఇవి బలంగా రావు, వెలుతురు పడే తోటల్లో బాగా వస్తాయి. తీగ మీదికి పాకే రకాలు వద్దు. అక్టోబర్ కత్తిరింపుకు ముందే కోసి అక్కడే పరచాలి. ఆలస్యం చేస్తే పందిరి కింద చెమ్మ పెరిగి బూజు తెగులుకు మనమే దారి చూపినట్టవుతుంది. గరిక, తుంగ వదిలేసి ఇదే పచ్చిరొట్ట అనుకోవద్దు. అవి ఏడాది పొడవునా నీళ్లు తాగేవి.

ఇదంతా రైతు ఒక్కడి మీద వేసి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కుదరదు. వరిగడ్డి పశువుకు వేయాలా తోటకు పరచాలా అన్నది పేద రైతు ముందున్న నిజమైన ప్రశ్న. గడ్డి కొనాలి, కూలి ఇవ్వాలి. ప్లాస్టిక్ మల్చింగ్ షీటుకు ఉద్యాన మిషన్ కింద సబ్సిడీ ఉంది. నేలలో కలిసి ఎరువయ్యే గడ్డికీ, ఆకుకూ, కూలికీ కూడా అదే స్థాయిలో సాయం అందాలి. కౌలు రైతు సంగతి మరీ కష్టం. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, అతని ఒప్పందం ఏడాదికే.

హైదరాబాద్ పరిసరాలు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరు మోశాయి. ప్లాట్లతో పాటు నీటి కరువు కూడా ఆ తోటలను మింగింది. మిగిలిన తోటలైనా నిలవాలంటే మన సంఘం ఈ మూడు విషయాలపై గట్టిగా నిలబడాలి. పచ్చిరొట్ట విత్తనం వరి రైతుతో పాటు తోట రైతుకూ తొలకరికి ముందే సబ్సిడీపై ఇవ్వాలి. ఎర్ర నేలలోనూ నల్లరేగడిలోనూ రైతుల తోటల్లోనే ఉద్యాన శాఖ ప్రయోగాలు పెట్టి, తేమ కొలిచి, ఫలితాలు తెలుగులో చెప్పాలి. ఏ సాయం ప్రకటించినా సాగు చేస్తున్న కౌలుదారు పేరుమీదే ఇవ్వాలి.

డ్రిప్పు పైపులు చుక్క చుక్క పొదుపు చేస్తాయి, నిజమే. కానీ వాన నీటిని పట్టుకోవలసింది నేలే. దాన్ని బోడిగా ఉంచి బోరును నిందించి లాభం లేదు.